మా పేట నుంచి – 14: గొట్టం కడిగేవాడు



పోయిన భాగంలో కొబ్బరి దింపు కూలీల గురించి రాశాను. ఈసారి బీరు గొట్టాల గురించి రాస్తానని చెప్పగానే ఇద్దరు ముగ్గురు స్టూడెంట్ తమ్ముళ్ళు ఇన్‌బాక్సులోకి వచ్చేశారు. "అన్నా, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టనని కూడా ఉంది కదా, నువ్వు బీరు మీద రాయడమేంటి?" అని. మంచి ప్రశ్న. ముందు దానికే జవాబు చెబుతాను.

నేను తాగను. మా నాన్న సారాకి పోయినోడు. ఆయన్ని మోసుకొచ్చిన మంచం ఇంకా మా వసారాలోనే ఉంది. ఆ మంచం చూస్తూ పెరిగినోడికి ప్రతిజ్ఞ వేరే ఎవరూ చేయించక్కర్లేదు. కానీ తాగని నేను ఆరేళ్ళపాటు బీరు గొట్టాలు కడిగాను. ఇవాళ రాసేది ఆ కడుగుడు గురించి.

మా ఊరి పేరు నగరం. పేరుకే నగరం. మామిడికుదురు మండలంలో, తాటిపాక పక్కన, కొబ్బరి తోటల మధ్య ఉన్న పల్లె. బయటివాళ్ళు "ఏ ఊరు?" అంటే "నగరం" అంటాం. "ఏ నగరం?" అంటారు. "నగరమేనండీ" అంటాం. ఈ ముచ్చట అయ్యేసరికి అవతలివాళ్ళకి విసుగొచ్చి వదిలేస్తారు.

గొట్టం, ప్రెషర్, లీకేజీ అనే మాటలు మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. 1995 జనవరిలో పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఔట్ అయ్యి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న తెల్లారుతుండగా మా నగరంలోనే గెయిల్ గ్యాస్ పైపు లైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. పైన పచ్చగా గడ్డి ఉంటుంది, కొబ్బరి మట్టలు ఊగుతుంటాయి. కింద గొట్టం లోపల ఏం జరుగుతోందో ఎవరు చూస్తున్నారు అన్న ప్రశ్న మా ఊరికి కొత్త కాదు.

మా వైపు గల్ఫ్ ముఖం చూడని పేట లేదు. ఆడవాళ్ళు కువైట్‌కి, మస్కట్‌కి ఇంటిపనికి వెళ్తారు. మగాళ్ళు ఏ పని దొరికితే ఆ పనికి. నేను ఇంటర్ అయ్యాక అప్పు చేసి దుబాయ్ వెళ్ళాను. కాగితం మీద హెల్పర్ అని రాశారు. చేరింది ఒక హోటల్ నేలమాళిగలో. అక్కడ చల్లటి గదిలో బీరు పీపాలు వరసగా ఉంటాయి. 50 లీటర్ల పీపా నిండుగా ఉంటే 60 కిలోలు దాటుతుంది. అక్కణ్ణుంచి లావు కట్టగా చుట్టిన గొట్టాలు గోడల్లోంచి పైన బారు దాకా వెళ్తాయి. ఆ కట్టని పైథాన్ అంటారు, కొండచిలువలా ఉంటుందని. మధ్యలో గ్లైకాల్ కలిపిన చల్లటి నీళ్ళు తిరుగుతూ ఉంటాయి, దారిలో బీరు వేడెక్కకుండా.

నా పని పీపాలు మార్చడం, గొట్టాలు కడగడం. గ్లాసు బాగుంటే పేరు పైన పోసేవాడికి. గ్లాసు బాగోకపోతే ఫోను కిందికి వచ్చేది, నాకు. ఆ ఆరేళ్ళలో నేను కడిగిన గొట్టంలోంచి వచ్చిన బీరు పట్టుకున్న మనిషిని ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు.

ఇప్పుడు అసలు కథ.

మా పిన్ని కొడుకు ఒకడున్నాడు. నాకు తమ్ముడు. కాకినాడలో బీటెక్, అమెరికాలో ఎంఎస్, ఇప్పుడు సియాటెల్ దగ్గర ఉద్యోగం. కరోనా తర్వాత ఇల్లు కొన్నాడు. కింద బేస్‌మెంట్ ఉంది. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇంట్లో బీరు ట్యాప్ పెడదామనుకుంటున్నాను. శనివారం శనివారం మనవాళ్ళు పది మంది వస్తారు. నువ్వు చేసిన పనే కదా, కాస్త దగ్గరుండి చెప్పవా" అన్నాడు. దగ్గరుండి అంటే వీడియో కాల్లో. నేను చేసిన పనిని మా ఇంట్లో ఒకరు పాఠం అడిగినట్టు అడగడం అదే మొదటిసారి.

మన దగ్గర ఇలాంటిది ఇంట్లో కుదరదు. ఆంధ్రాలో లైసెన్సు లేకుండా బీరు కాయడం నేరం. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో సొంతానికి కాచుకోవడానికి కేంద్రం దారి తెరిచింది. వయసొచ్చిన మనిషి ఒక్కరున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరుంటే 200. అమ్మకూడదు. మావాడు కాచే రకం కాదు. నిండు పీపా కొనుక్కొచ్చి ట్యాపు బిగించుకునే రకం.

దానికి కావల్సినవి పెద్దగా ఏం లేవు. పీపా పట్టే పాత ఫ్రిజ్ ఒకటి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్. దాని మీద రెగ్యులేటర్. పీపా మూతికి బిగించే కప్లర్. ఒక గ్యాస్ గొట్టం, ఒక బీరు గొట్టం, చివర ట్యాపు. బీరు దానంతట అది పైకి రాదు. గ్యాస్ పైనుంచి నొక్కుతుంది, పీపా అడుగుదాకా దిగిన నిలువు గొట్టంలోంచి బీరు ఎక్కుతుంది. అంతే.

కష్టమంతా మూడింటిని కుదర్చడంలో ఉంది: చలి, ఒత్తిడి, గొట్టం పొడవు. బీరు 3 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. మామూలు లాగర్‌కి ఆ చలిలో 10 నుంచి 12 పీఎస్ఐ ఒత్తిడి సరిపోతుంది. ఒత్తిడి అంతకన్నా తక్కువైతే బీరులో కరిగిన గ్యాస్ మెల్లగా బయటికొచ్చేసి బీరు చప్పబడుతుంది. ఎక్కువైతే అవసరం లేని గ్యాస్ లోపలికి దూరుతుంది. అంత ఒత్తిడితో బీరు నేరుగా ట్యాపులోంచి దూకితే గ్లాసంతా నురగే. అందుకని మధ్యలో సన్నటి గొట్టం పెడతారు, లోపలి వెడల్పు 3/16 అంగుళం. ఇంట్లోవాళ్ళు ఎనిమిది, పది అడుగుల గొట్టం చుట్ట చుట్టి ఫ్రిజ్‌లోనే పెడతారు. ఆ పొడవునా రాసుకుంటూ వచ్చేసరికి బీరు జోరు తగ్గి, గ్లాసులోకి నెమ్మదిగా దిగుతుంది.

మొదటి వారం మావాడికి అంతా నురగే వచ్చింది. ఫోన్ చేసి, "అన్నయ్యా, ప్రెషర్ సగానికి తగ్గించేశాను, అయినా నురగే" అన్నాడు. నురగ కనిపించగానే అందరూ చేసే పని అదే. రెగ్యులేటర్ పైకి కనిపిస్తుంది కాబట్టి చెయ్యి దాని మీదికే పోతుంది. "ప్రెషర్ మళ్ళీ పన్నెండుకి పెట్టు. ట్యాపు ఉన్న పొడుగాటి స్తంభం మీద చెయ్యేసి చూడు" అన్నాను. వెచ్చగా ఉందన్నాడు. పీపా చల్లగా ఉంది, దారి వెచ్చగా ఉంది. చల్లటి బీరు వెచ్చటి దారిలోకి వస్తే గ్యాస్ విడిపోతుంది. ఫ్రిజ్‌లోపల చిన్న ఫ్యాను పెట్టి చల్లగాలి స్తంభంలోకి కొట్టించాం. కొత్త పీపా తెచ్చాక ఒక రోజంతా కదపకుండా ఫ్రిజ్‌లో ఉంచమన్నాను. నురగ రెండు వేళ్ళ ఎత్తుకి దిగింది.

సబ్బునీళ్ళతో ప్రతి బిగింపునీ తడిపించాను. బుడగ లేస్తే లీకు ఉన్నట్టు. చిన్న లీకు చాలు, సిలిండర్ ఒక్క రాత్రిలో ఖాళీ అయిపోతుంది. సిలిండర్ ఖాళీ అవడం డబ్బు నష్టం. ఆ గ్యాస్ బేస్‌మెంట్‌లో చేరడం ప్రాణం మీదికి. కార్బన్ డయాక్సైడ్‌కి వాసన ఉండదు, గాలికన్నా బరువు, నేలని పట్టుకుని పేరుకుంటుంది. మామూలు గాలిలో అది 0.04 శాతం. 4 శాతానికి చేరితే మనిషి ప్రాణానికే ముప్పు. అందుకే అలారం మోగే డిటెక్టర్ గోడకి కింది భాగంలో పెట్టించాను. దుబాయ్‌లో మా కింద గదికి రెండు డిటెక్టర్లు ఉండేవి. అవి మోగితే లోపలికి వెళ్ళకూడదు, లోపల ఎవరు పడిపోయినా సరే, ముందు గాలి ఆడాలి అని మొదటి రోజే నేర్పారు.

ఆ పాఠం విన్న రోజు నాకు మన మ్యాన్‌హోళ్ళే గుర్తొచ్చాయి. మొదటివాడు దిగి పడిపోతాడు. వాడి కోసం రెండోవాడు దిగుతాడు. వాడి కోసం మూడోవాడు. మనుషులతో పాకీ పని చేయించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. 2014 మార్చి 27న సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో, మురుగులో దిగి చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది. దిగేవాళ్ళు మారలేదు. గ్యాస్ ఎవరి కులమూ అడగదు. దింపేవాడు మాత్రం అడిగే దింపుతాడు. బీరు పీపాల గదికి రెండు డిటెక్టర్లు పెట్టగలిగిన లోకం, మురుగు గుంతకి ఒక్కటి పెట్టలేకపోయిందంటే అది టెక్నాలజీ లేక కాదు.

సరే, ట్యాపు నడుస్తోంది. రెండు వారాలు గడిచాయి. "ఇప్పుడు కడగాలి" అన్నాను.

"బాగానే వస్తోంది కదా అన్నయ్యా?"

"బాగా వస్తున్నప్పుడే కడగాలిరా."

బీరు గొట్టంలో చెత్త ఏమీ కనపడదు. కానీ లోపలి గోడకి ఈస్టు, బాక్టీరియా పొరలా పట్టుకుంటాయి. ఒక రకం బాక్టీరియా చేరితే బీరుకి వెన్న వాసన వస్తుంది. ఇంకో రకం చేరితే పులిసి వెనిగర్‌లా అవుతుంది. అవి కాక బీరు రాయి అని ఒకటి, కాల్షియం ఆక్సలేట్, కుండ అడుగున ఉప్పునీటి గారలా పేరుకుంటుంది. ఆ గరుకు మీద మిగతావన్నీ కాపురం పెడతాయి.

అందుకని 14 రోజులకొకసారి క్షారం కలిపిన గోరువెచ్చటి నీళ్ళు, రెండు శాతం ద్రావణం, చిన్న పంపుతో గొట్టంలో కనీసం 15 నిమిషాలు తిప్పాలి. తర్వాత చన్నీళ్ళతో, క్షారం ఆనవాలు లేకుండా కడగాలి. ట్యాపు విప్పి, వాషర్లతో సహా ముక్క ముక్కా బ్రష్షుతో తోమాలి. కప్లర్ కూడా అంతే. మూడు నెలలకొకసారి ఆమ్లం తిప్పాలి, బీరు రాయి కరగడానికి. క్షారం, ఆమ్లం ఒకదాంతో ఒకటి కలవకూడదు, మధ్యలో నీళ్ళు బాగా పోనివ్వాలి. చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు. మెత్తటి గొట్టం ఎంత కడిగినా ఒకనాటికి పాడవుతుంది, ఏడాదికొకసారి మార్చేస్తే మంచిది.

ఇదంతా విని మావాడు ఒక మాట అన్నాడు. "ఎవరైనా వచ్చి కడిగి వెళ్ళేవాళ్ళు దొరుకుతారా అన్నయ్యా?"

దొరుకుతారు. బార్లకి అలాంటి సర్వీసులు ఉంటాయి. కానీ వాడి నోట్లోంచి ఆ మాట వచ్చినప్పుడు నేను కాస్త ఆగాను. వాళ్ళమ్మ, మా పిన్ని, పెద్దకాపుల ఇంట్లో పశువుల శాల కడిగి వాణ్ణి చదివించింది. "నీ గొట్టం నువ్వే కడుక్కోరా" అన్నాను. వాడు నవ్వి, "సరే సార్" అన్నాడు. ఆ ఆదివారం నుంచి తనే కడిగాడు. బాగా నేర్చుకున్నాడు. వాషర్లు విప్పి వరసగా గుడ్డ మీద పెట్టి ఫోటో తీసి పంపేవాడు, పిల్లలు హోంవర్క్ చూపించినట్టు.

శనివారాలు బాగా జరిగాయి. తెలుగువాళ్ళు ఎనిమిది, పది మంది వచ్చేవాళ్ళు. పలావు, చేపల వేపుడు, పేకాట. కొన్ని నెలలు.

ఒక శనివారం మాటల్లో ఊళ్ళ ప్రస్తావన వచ్చింది. మావాడు కోనసీమ అన్నాడు. వాళ్ళలో ఒకాయన, "అవును, మీ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టారు కదా. అప్పుడు పెద్ద గొడవైంది. ఇంతకీ మీవాళ్ళు ఏమంటున్నారు దాని మీద?" అన్నాడు.

"మీవాళ్ళు" అన్న మాటలో ఉన్న గాలం చదివేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 2022 మే 24న అమలాపురంలో ఆ పేరు వద్దని మంత్రి ఇల్లు తగలబెట్టారు. ఆ పేరు గురించి మనిషి ఎలా మాట్లాడతాడో చూస్తే ఇంటిపేరు అడక్కుండానే లెక్క తేలిపోతుంది. మావాడు దాచలేదు. "మావాళ్ళు సంతోషించారండి. నేనూ సంతోషించాను" అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. పేకాట సాగింది.

తర్వాత శనివారం ఇద్దరు తమ బీరు డబ్బాలు తామే తెచ్చుకున్నారు. "ఈ బ్రాండ్ అలవాటైపోయింది బ్రదర్" అన్నారు. ఆ పై వారం నలుగురు తెచ్చుకున్నారు. ట్యాపు దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. పీపా సగం మిగిలింది.

మావాడు ఏం చేశాడో తెలుసా? గొట్టం కడిగాడు. పద్నాలుగు రోజులు కాకుండానే. మళ్ళీ మూడు రోజులకి కడిగాడు. ఆమ్లం తిప్పాడు. కొత్త గొట్టం వేశాడు. కొత్త పీపా తెచ్చాడు. అర్ధరాత్రి నాకు ఫోన్ చేసి, "రుచి మారిందేమో అన్నయ్యా. నాకు తెలియడం లేదు. ఎక్కడో మురికి ఉండిపోయింది" అన్నాడు.

వీడియో పెట్టించి అన్నీ చూశాను. వెన్న వాసన ఉందా? లేదు. పులుపు? లేదు. గ్లాసు పట్టుకుని దీపానికి ఎదురుగా పెట్టమన్నాను. తేటగా ఉంది. తాగుతూ పోతే నురగ గ్లాసు గోడకి వరస వరసగా గీతలు కట్టాలి, గ్లాసు శుభ్రంగా ఉందనడానికి అదే గుర్తు. కట్టింది. ట్యాపు విప్పించాను. వాషర్లు మెరుస్తున్నాయి. ఆరేళ్ళలో నేను అంత శుభ్రమైన ట్యాపు చూడలేదు.

"గొట్టంలో ఏమీ లేదురా" అన్నాను.

చాలాసేపు వాడు మాట్లాడలేదు. ఆ తర్వాత, "తెలుసు అన్నయ్యా" అన్నాడు.

మూత బిగించిన డబ్బాకి అంటు లేదు. ఫ్యాక్టరీలో నింపారు, కొట్లో కొన్నారు, మూత తీశారు, తాగారు. మధ్యలో మనిషి లేడు. ట్యాపు అలా కాదు. ఒక పీపా, ఒక గొట్టం, ఒక చెయ్యి. అందరికీ ఒకే చోటి నుంచి. అది చెరువు లాంటిది. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు దోసిలితో తాగింది దాహమై కాదు కదా. అంతకుముందు ఆ చెరువులో పశువులు తాగేవి, అభ్యంతరం లేదు. మా తాత చెప్పేవాడు, కల్లుపాక దగ్గర మనవాళ్ళు తాటాకు దొప్ప పట్టుకుని దూరంగా కూర్చుంటే పైనుంచి పోసేవాళ్ళని. కల్లు ఒకటే, చెట్టు ఒకటే. ముంత మూతి దొప్పకి తగలకూడదు, అంతే. హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి మీద పోరాడిన పెద్దలు ఈ పేజీ చదివేవాళ్ళలోనే ఉన్నారు. ఇప్పుడు రెండో గ్లాసు వాళ్ళే తెచ్చుకుంటున్నారు, డబ్బా రూపంలో. మర్యాదగా, బ్రదర్ అంటూ.

2023 ఫిబ్రవరి 21న సియాటెల్ నగర కౌన్సిల్ కుల వివక్షని నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది అక్టోబర్‌లో కాలిఫోర్నియా బిల్లుని గవర్నర్ వీటో చేశాడు. సియాటెల్ చట్టం ఉద్యోగానికి, అద్దె ఇంటికి, హోటల్‌కి పనికొస్తుంది, దాని కోసం మనవాళ్ళు చాలా కష్టపడ్డారు. ఒకడి బేస్‌మెంట్లో ఇంకొకడు డబ్బా తెచ్చుకుంటే ఏ చట్టమూ పట్టుకోలేదు. ఆ సంగతి తెలుసుకునే మనం చట్టాలు అడగాలి, అడగడం మానకూడదు.

మావాడు అంతా అమ్మేస్తానన్నాడు. వద్దనలేదు నేను. ఒక్కటే చెప్పాను. "అమ్మాలనుంటే అమ్ము. బీరు మానేద్దామని అమ్ము, ఖర్చని అమ్ము, చోటు చాలక అమ్ము. మురికి ఉందని మాత్రం అమ్మకు."

అమ్మలేదు. శనివారాలకి ఇప్పుడు పది మంది రారు. గుంటూరు ముస్లిం కుర్రాడొకడు వస్తాడు, అతను తాగడు, పలావు కోసం వస్తాడు. పక్కింటి మెక్సికన్ ముసలాయన వస్తాడు. పాత గుంపులోంచి ఒకడు, డబ్బా తెచ్చుకున్నవాళ్ళలోనే ఒకడు, ఒక ఆదివారం ఉదయం వచ్చాడట. తాగే రోజు కాదది, కడిగే రోజు. ఏమీ అనకుండా బకెట్ పట్టుకుని నిలబడ్డాడట, గ్లవ్స్ అడిగాడట. ఎందుకొచ్చాడో మావాడు అడగలేదు. ఆ తర్వాత ఎప్పుడు కడిగినా వస్తున్నాడు.

ఇది చదివి మద్యం మంచిదే అనుకునే తమ్ముళ్ళు ఉంటే, ఆగండి. దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటానికి 1993 అక్టోబర్‌లో సారా ఆగింది, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. మన పేటల్లో మంచాలు ఇంకా మోస్తూనే ఉన్నారు. నేను చెప్పేది తాగమని కాదు. మనం చేసే పనిని చదువుగా చూడమని. 14 రోజుల లెక్క, రెండు శాతం లెక్క, నాలుగు శాతం దగ్గర ప్రాణానికి ముప్పన్న లెక్క, ఇదంతా శాస్త్రమే. ఇదే పని చేసేవాణ్ణి బార్లో టెక్నీషియన్ అంటారు, కాగితం మీద హెల్పర్ అని రాసి హెల్పర్ జీతమే ఇస్తారు. గల్ఫ్ వెళ్ళే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు చేసే పని పేరు కాగితం మీద సరిగ్గా రాయించుకోండి. రసాయనం పట్టుకునే పనైతే గ్లవ్స్ అడగండి, కింది గదిలో పనైతే డిటెక్టర్ ఎక్కడుందో మొదటి రోజే అడగండి. అడిగితే పనిలోంచి తీసేస్తారేమో అని మీకు భయం ఉంటుంది, నాకు తెలుసు. ఒక్కరు అడగకండి, నలుగురు కలిసి అడగండి.

వచ్చే భాగంలో మా పిన్ని గురించి, ఆవిడ కడిగిన శాల గురించి. ఆవిడ్ని అడిగి, ఒప్పుకుంటేనే రాస్తాను.

జై భీమ్.